మూసిన తలుపు ముందు మా అత్తయ్య

మా అత్తయ్య పోయారన్న కబురు నాకు వార్డులో ఉండగా అందింది. నేను నర్సును. ఆ పొద్దున ఒక పెద్దాయనకు సెలైన్ మారుస్తుంటే జేబులో ఫోను అదిరింది. మావారు పనివేళల్లో ఫోన్ చేసే మనిషి కాదు. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"అమ్మ పోయిందే" అన్నారు. తర్వాత నేను అడక్కుండానే, "నడిమింట్లో ఉండాది. తలుపు మూసుకోని" అన్నారు.

ఆ రెండో మాట విని, సెలైన్ సంగతి పక్క నర్సుకు అప్పజెప్పి బయల్దేరాను.

చావు నాకు కొత్త కాదు. అది వచ్చే ముందు ఊపిరి ఎలా మారుతుందో, గోళ్ళు ఏ రంగుకు తిరుగుతాయో నాకు తెలుసు. ఇంటికి వెళ్ళాక ఆమె ముఖం చూసి, గుండె నెమ్మదిగా ఆగిందని, బాధపడలేదని వచ్చినవాళ్ళందరికీ నేనే చెప్పాను. అది నిజమే. కానీ నడిమిల్లు ఆమె ఊరికే కూర్చునే చోటు కాదు. ఏడాదికొకసారి, పెద్దల పండగనాడు, పోయినవాళ్ళకు విస్తళ్ళు వేసే గది అది. ఆ రోజు ఏ పండగా లేదు. ఆమె మాత్రం గోడకు వీపు ఆన్చి, కాళ్ళు ముడుచుకుని, తలుపు వైపు చూస్తూ, భోజనానికి పిలిస్తే వచ్చి కూర్చున్న మనిషిలా ఉన్నారు.

ఆ గది గురించీ ఆ మనిషి గురించీ నాకు తెలిసినంత చెప్పాలని ఇది రాస్తున్నాను. నమ్మమని మిమ్మల్ని అడగను. చూసింది చూసినట్టు చెబుతాను.

బెంగళూరు తూర్పు అంచున, కాడుగోడిలో రైల్వేస్టేషన్ దాటి లోపలికి తిరిగి, ఇక దారి లేదనిపించిన చోట ఇంకాస్త ముందుకు పోతే మా ఇల్లు వస్తుంది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటి మధ్య ఒక పెంకుటిల్లు, పశువుల కొట్టం, కోళ్ళ గూడు, కాసింత రాగిచేను, ఒక పనసచెట్టు. సాయంత్రం బాల్కనీల్లో దీపాలు వెలిగితే మా చేను ఒక్కటే చీకటిగా, నూతి అడుగులా ఉంటుంది. మామగారి పూర్వీకులు ఎప్పుడో ఆంధ్ర సరిహద్దు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ సేద్యంలో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, గేటు దాటితే కన్నడం.

చేలో ఒక మూల సమాధులు ఉన్నాయి. మామగారి అమ్మానాన్నలవి, మామగారిది. వాటి పక్కన ఒక చిన్న రాయి. అది మావారి అక్కది. ఆయన పుట్టకముందే, బడికి పోయే వయసులో, ఆ చేలోనే ఉన్న బావిలో పడి పోయిందట. ఆ రోజుల్లో బావి నిండుగా ఉండేది. నేను కాపురానికి వచ్చేసరికి ఎండిపోయి, పైన కొబ్బరిమట్టలు, ముళ్ళకంప కప్పి ఉండేది.

మా అత్తయ్యకు పండగంటే బతికినవాళ్ళదీ పోయినవాళ్ళదీ కలిపి ఒకటే పండగ. ఉగాదినాడు పచ్చడి మొదట సమాధుల దగ్గరికి పోయేది. గౌరి పండగకు కొత్త గాజులు ఆ చిన్న రాయి మీద ఒక పూట ఉండి వచ్చాకే ఎవరి చేతికైనా ఎక్కేవి. దీపావళినాడు రాయి దగ్గర ఒక చిచ్చుబుడ్డి పెట్టి వెలిగించి, వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చేవారు. ఎందుకండీ అలా అని అడిగితే, "నేను ఆడ్నే నిలబడితే సిగ్గుపడతాది మ్మా. నేనొచ్చేస్తే బాగ చూస్తాది" అన్నారు. పక్కింటి పిల్ల గురించి చెప్పినట్టే చెప్పారు.

నాది గుంటూరు వైపు. క్రైస్తవ కుటుంబం. నాన్న చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి నన్ను చదివించింది. నర్సింగ్ పూర్తి చేసి ఉద్యోగానికి బెంగళూరు వచ్చిన కొన్నాళ్ళకే అమ్మ కూడా పోయింది. నేను రైలు దిగేసరికి శవపెట్టె మూసేశారు. ఆ తర్వాత మా వార్డులోకి ఒక రైతు వచ్చి చేరాడు. ఆయనే మామగారు. ఆయన్ను కనిపెట్టుకుని ఉండడానికి వచ్చిన కొడుకుతో పరిచయమైంది. మామగారు బతకలేదు. ఏడాది తిరిగాక మా పెళ్ళి మాట వచ్చినప్పుడు బంధువులు మతం సంగతి ఎత్తారట. మా అత్తయ్య ఒకటే మాట అన్నారు: "ఆయప్ప కడసారి నీళ్ళు తాగింది ఈ పిల్ల చేతినుంచే. ఇంక వద్దనేకి నేనెవుర్ని?"

పెళ్ళయిన ఏడు మహాలయ అమావాస్య దగ్గరపడుతోంది. ఆమె మాటలో పెద్దల పండగ. ఒక మధ్యాహ్నం గుమ్మడికాయ కోస్తూ, తలెత్తకుండా అడిగారు.

"మీయమ్మకు ఏమిష్టం మ్మా, తినేకి?"

ఎందుకు అడుగుతున్నారో అర్థమైంది. "మాలో ఇవి లేవండీ అత్తయ్యా. పోయినవాళ్ళు దేవుడి దగ్గర విశ్రాంతిగా ఉంటారు. వాళ్ళకి అన్నం పెట్టం" అన్నాను.

"సరేమ్మా. సుమ్మనె, ఊరికే అడిగినా" అని మళ్ళీ ముక్కలు కోయడంలో పడ్డారు.

పండగనాడు ఇల్లంతా కడిగి, పొద్దున్నే పొయ్యి వెలిగించారు. ఏ కూరలోనూ ఉప్పు చూడలేదు. వాళ్ళకంటే ముందు మన నాలుక తగలకూడదట. నడిమింట్లో వరసగా అరిటాకులు వేశారు. వడ్డించిన ఆ విస్తరిని ఆమె కన్నడంలో 'ఎడె' అనేవారు. మామగారి ఎడెలో కోడికూర, సంగటి, పక్కన బీడీకట్ట, అగ్గిపెట్టె. వరస చివర చిన్న ఆకు. అందులో వడలు, చక్కిలాలు, ఒక బిస్కెట్ల పొట్లం. పొట్లం విప్పి పెడుతూ, "చింపేకి రాదు దానికి" అన్నారు. ఆకు ముందు చిన్న గ్లాసులో నీళ్ళు.

సాంబ్రాణి వేసి అందరం బయటికి వచ్చాం. ఆమె తలుపు మూసి గొళ్ళెం పెట్టారు. వాళ్ళు తినేదాకా మనం లోపలికి పోకూడదు. పంచలో కూర్చున్నాం, నేను, మావారు, ఆమె. మాట్లాడకూడదు. పక్క అపార్ట్‌మెంట్లో ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూత వేస్తోంది. అప్పుడు లోపల గ్లాసు పడిన చప్పుడైంది. పడి, కొంత దూరం దొర్లి, ఆగింది.

నేను మావారి వైపు చూశాను. "పిల్లి" అన్నట్టు పెదాలు కదిపారు. పిల్లి నా కాళ్ళ దగ్గరే పడుకుని ఉంది.

కాసేపటికి అత్తయ్య లేచి, తలుపు ముందు నిలబడి, వస్తున్నామని తెలియడానికి గట్టిగా దగ్గి, గొళ్ళెం తీశారు. ఎడెలన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. చిన్న ఆకు ముందరి గ్లాసు మాత్రం పక్కకు ఒరిగి, నీళ్ళు గడప దాకా పారి ఉన్నాయి. ఆమె చీర కొంగుతో తుడుస్తూ, "ఎప్పుడూ ఇంతే. నిదానమే లేదు దీనికి" అన్నారు. అన్నం దగ్గర నీళ్ళు ఒలకబోసుకున్న పిల్లను తల్లి విసుక్కున్నట్టు విసుక్కున్నారు.

గ్లాసు ఎందుకు పడిందో ఆలోచించాను. నేల వాటంగా ఉందని తేల్చుకున్నాను. ఏడాదిపాటు ఆ సమాధానంతోనే ఉన్నాను.

మరుసటి ఏడు నేను కడుపుతో ఉన్నాను. పండగనాడు నీళ్ళ గ్లాసులు పట్టుకుని నడిమింట్లోకి వెళ్ళేసరికి వరసలో ఒక ఆకు ఎక్కువ ఉంది. అందులో కోడికూర లేదు, వడ లేదు. అన్నం గిన్నె అడుగు గీకి తీసిన ఎర్రటి మాడు, పచ్చి ఉల్లిపాయ, గోంగూర పచ్చడి.

ఇక్కడ మీకు మా అమ్మ గురించి ఒక సంగతి చెప్పాలి. హాస్టల్లో అందరికీ వడ్డించాక అమ్మ పెద్ద గిన్నె అడుగు గీకి, ఆ మాడు తీసుకుని, వెనక మెట్ల మీద కూర్చుని ఉల్లిపాయ కొరుక్కుంటూ తినేది. మిగల్లేదు కాబట్టి తింటోందని చిన్నప్పుడు నేను కుమిలిపోయేదాన్ని. ఉద్యోగం వచ్చాక ఒకసారి వేడి వేడి అన్నం వండి ముందు పెడితే, పళ్ళెం పక్కకు జరిపి, "అడుగున మాడు ఉందేమో చూడవే" అంది. అది ఆమెకు ఇష్టం. నిజంగా ఇష్టం. ఈ సంగతి నేను మావారికి కూడా చెప్పలేదు.

"ఇదెవరికండీ?" అన్నాను.

"మీయమ్మకు."

"మీకెవరు చెప్పారు?"

ఆమె ఉల్లిపాయను ఆకు అంచుకు జరుపుతూ అన్నారు: "ఆయమ్మే. ముందర సిగ్గుపడింది. అడగ్గా అడగ్గా చెప్పింది."

గ్లాసులు కింద పెట్టి, నా సంచి తీసుకుని, పంచలో కూర్చున్న మావారిని దాటుకుని వచ్చేశాను. మా ఆసుపత్రి క్వార్టర్సులో ఒక స్నేహితురాలి గదికి వెళ్ళాను. మావారు ఫోన్ చేశారు, వచ్చారు, బతిమాలారు. నేను కదల్లేదు. భయమేసిన మాట నిజం. భయం కింద ఇంకొకటి ఉంది. మా అమ్మ పోయినప్పటినుంచి ఒక్కసారి నా కలలోకి రాలేదు. ఎన్ని రాత్రులు ప్రార్థన చేసుకుని పడుకున్నానో. నా దగ్గరికి రానిది ఈమె దగ్గరికి ఎలా వచ్చింది? ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

ఆదివారం చర్చిలో ఆరాధన సగంలో ఉండగా వెనక్కి తిరిగితే, ఆడవాళ్ళ వైపు చివరి బెంచీలో మా అత్తయ్య. మామగారు పోయినా ఆమె మానని రూపాయంత కుంకుమబొట్టు, కొప్పులో మల్లెపూలు, ఒళ్ళో గుడ్ల బుట్ట. అందరూ లేచినప్పుడు లేచారు, కూర్చున్నప్పుడు కూర్చున్నారు. అయ్యాక బయట సైకిళ్ళు నిలిపే చోట నా ముందుకు వచ్చి నిలబడ్డారు.

"నీకు భయమైతే మళ్ళా పెట్టనమ్మా" అన్నారు. "అయితే ఆయమ్మకు నువ్వే చెప్పాల. నేను చెప్తే ఇనదు."

"ఎందుకొస్తుందండీ ఆవిడ? అన్నం కోసమా?"

"పోయినోళ్ళకు ఆకలి యాడుంటాది? మనం తలుచుకుంటామా లేదా అని చూసి పోతారు. నిన్ను చూసేకి వస్తాది."

నేను అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఏమన్నా చెప్పిందా నాకు?"

"ఏమీ చెప్పలేదు. నీ కడుపు దిక్కు చూసి నవ్వింది, అంతే."

అక్కడే, అందరూ చూస్తుండగా ఏడ్చాను. ఆమె గుడ్ల బుట్ట కింద పెట్టి నా తల తన భుజానికి ఆనించుకున్నారు. ఆ భుజానికి పొయ్యిపొగ వాసన, పేడ వాసన. ఇద్దరం బస్సెక్కి ఇంటికి వచ్చాం. ఆకు మళ్ళీ వేయాలో వద్దో ఇద్దరం మాట్లాడుకోలేదు. మరుసటి ఏడు మాడు నేనే గీకాను.

నేను నా చర్చి మానలేదు, ఆమె మానమనలేదు. నవంబరులో మా వాళ్ళు సమాధుల మీద పూలు, కొవ్వొత్తులు పెట్టే రోజు వస్తే చేమంతులు కోసుకుని నాతో వచ్చేవారు. మా అమ్మ సమాధి ఇక్కడ లేదు కాబట్టి, ఎవరూ రాని సమాధులు వెతికి, ఎండిన ఆకులు ఊడ్చి, వాటి మీద కొవ్వొత్తులు వెలిగించేవారు. "ఈళ్ళకు ఎవురూ లేరా? అయ్యో, ఎంతసేపటినుంచి ఎదురుచూస్తాండారో" అనేవారు, క్లినిక్కులో కూర్చున్న రోగుల్ని చూసినట్టు. క్రిస్మస్‌కు పనసచెట్టుకు స్టార్ కట్టింది ఆమే. పైకెక్కే వయసు దాటినా, నిచ్చెన నన్ను పట్టుకోమని తనే ఎక్కారు. కజ్జికాయలు చేసి అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్లందరికీ పంచారు.

మాకు పాప పుట్టింది. నడక వచ్చిన దగ్గర్నుంచి నాన్నమ్మ కొంగు పట్టుకునే తిరిగేది. మాటలు బాగా వచ్చాక, చేలో ఆ చిన్న రాయి దగ్గర కూర్చుని ఆడుకోవడం మొదలుపెట్టింది. ఎవరితో ఆడుతున్నావని అడిగితే, "అక్కతో" అనేది. పిల్లలకు ఇలాంటి ఊహలు మామూలేనని నేను సర్దుకున్నాను. అత్తయ్య మాత్రం పొంగిపోయారు. చేతికి వడలు ఇచ్చి, "నీకొకటి, అక్కకొకటి" అని పంపేవారు. పాప ఖాళీ చేతులతో తిరిగి వచ్చేది. ఆమె ఆ చేతులు తుడుస్తూ, "తోడు దొరికింది దానికి" అని నాతో అన్నారు. అంత సంతోషంగా ఆమెను నేను మళ్ళీ చూడలేదు.

పెద్దల పండగకు కొద్ది రోజుల ముందు ఒక మధ్యాహ్నం. నాకు సెలవు. మావారు పనికి వెళ్ళారు. పాపను అన్నానికి పిలిస్తే పలకలేదు. రాయి దగ్గర లేదు, కొట్టంలో లేదు. చేలోకి పరుగెత్తాను. నా వెనకే అత్తయ్య.

బావి మీది కొబ్బరిమట్టలు పక్కకు జరిగి ఉన్నాయి. పాప గట్టు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, ఒక చెయ్యి కిందికి చాచి ఉంది. ఆ చెయ్యి వదులుగా లేదు. అవతల ఎవరో పట్టుకుంటే సాగినట్టు భుజం దాకా సాగి ఉంది. ఒళ్ళు కొంచెం కొంచెంగా ముందుకు వాలుతోంది.

అత్తయ్య నన్ను దాటుకుని వెళ్ళారు. పాప పేరు పిలవలేదు. పాప వైపు చూడను కూడా లేదు. బావి లోపలికి చూస్తూ, నేనెప్పుడూ వినని గొంతుతో గద్దించారు.

"ఏయ్! ఇడువు. ఇడువు దాన్ని!"

పట్టు టక్కున తెగినట్టు చెయ్యి పైకి లేచింది. పాప వెనక్కి, గడ్డి మీదికి పడింది. నేను వెళ్ళి ఒడిసిపట్టుకున్నాను. మణికట్టు మంచుముక్కలా ఉంది. పాప ఏడవలేదు. "అక్క కింద మెట్టు మీద ఉంది మమ్మీ. అక్కడ చీకటంట. నన్ను రమ్మంది" అంది.

అత్తయ్య ఆ గట్టు మీదే కూలబడిపోయారు. నాతో అన్నారో తనలో తను అనుకున్నారో గానీ, "ఇన్నేండ్లు కూడు పెట్టినా. పెద్దదైపోయింటాది, బుద్ధి వచ్చింటాది అనుకున్నా. అది అట్లే ఉండాది. ఆ పొద్దు ఎట్లుండిందో అట్లే ఉండాది" అన్నారు.

మర్నాడు పక్క స్థలంలో అపార్ట్‌మెంటు పునాదికి తవ్విన మట్టి తీసుకుపోతున్న లారీకి ఆమె అడ్డంగా నిలబడ్డారు. "ఈడ పొయ్యప్పా. ఈ బావిలో పొయ్యి" అన్నారు. డ్రైవరుకు దూరం కలిసివచ్చింది, ఒప్పుకున్నాడు. లారీ వెనక్కి వచ్చి గట్టు దగ్గర నిలబడ్డాక, చెయ్యెత్తి ఆగమన్నారు. ముందుకు వంగి, లోపలికి ఏదో చెప్పారు. మాకెవరికీ వినపడలేదు. లేచి, వెనక్కి తిరగకుండా ఇంట్లోకి నడిచారు. సాయంత్రం దాకా మట్టి పడుతున్న చప్పుడు వింటూ పొయ్యి ముందు కూర్చున్నారు.

పండగ వచ్చింది. మామగారి ఎడె వేశారు, ఆయన అమ్మానాన్నలకు వేశారు, మా అమ్మకు వేశారు. వరస అక్కడితో ఆగింది.

"అత్తయ్యా, చిన్న ఆకు..." అన్నాను.

"వద్దు."

తలుపు మూశారు. పంచలో కూర్చున్నాం. పాప నా ఒళ్ళో నిద్రపోయింది. ఆ రోజు గాలి కూడా లేదు. కొంతసేపటికి లోపలినుంచి తలుపు మీద ఎవరో తట్టారు. మెల్లగా, వేలి కణుపులతో తట్టినట్టు. చప్పుడు తలుపు కింది సగం నుంచి వస్తోంది. ఒక పిల్ల చెయ్యి అందే ఎత్తు నుంచి.

మావారు కూడా విన్నారు. ఈసారి పిల్లి అనలేదు. ముఖం పాలిపోయి, గొళ్ళెం తీయడానికి లేవబోయారు. అత్తయ్య ఆయన మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టారు. తను లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చప్పుడు వస్తున్న చోట చెక్క మీద అరచెయ్యి పెట్టారు.

"లేదమ్మా" అన్నారు. "ఈ యేడు నీకు లేదు. ఇంక పెట్టను. బిడ్డకు బయమైతాది. నువ్వు పోవాల. మీ నాయన ఉండాడు ఆడ, చెయ్యి పట్టుకోని పో. పో తల్లీ."

చప్పుడు ఆగింది. మళ్ళీ ఒకసారి వచ్చింది, ముందుకంటే మెల్లగా, బతిమాలుతున్నట్టు. ఆమె చెయ్యి తీయలేదు. నుదురు కూడా చెక్కకు ఆనించారు. ఇక చప్పుడు రాలేదు. ఆ రోజు దగ్గి తలుపు తీయడం ఆమె వల్ల కాలేదు. మావారే తీశారు. లోపల అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. సాంబ్రాణి పొగ మాత్రం తలుపు దగ్గరే, కింద, ఒక చోట గుండ్రంగా నిలిచి ఉంది. తలుపు తెరిచాక అది మెల్లగా బయటికి పోయింది.

పాప ఆ తర్వాత అక్క మాట ఎత్తలేదు. ఇప్పుడు బడిలో పెద్ద తరగతికి వచ్చింది. అడిగితే ఏ అక్క అంటుంది. అత్తయ్య పండగలన్నీ ముందటిలాగే చేశారు. వంట చేసేవారు, వడ్డించేవారు, నవ్వేవారు. వడ మాత్రం నోట పెట్టలేదు. దీపావళినాడు చిన్న రాయి వైపు వెళ్ళకుండా పంచలోనే కూర్చుని, పాప వెలిగించిన చిచ్చుబుడ్డి చూసేవారు. ఒకసారి పక్కన కూర్చుని అడిగాను.

"మీకు బాధగా లేదా అత్తయ్యా?"

"బిడ్డను రెండు తూర్లు పోగొట్టుకునేది ఎట్లుంటాదో నన్ను అడగొద్దు మ్మా" అన్నారు. నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, "నీ బిడ్డ నవ్వుతాండాది చూడు" అన్నారు.

నా తల్లికి ఆ ఇంట్లో చోటు ఇచ్చింది ఆమె. నా బిడ్డ కోసం తన బిడ్డను పొమ్మన్నదీ ఆమే. ఈ ఋణం ఎలాంటిదో చెప్పే మాట నాకు తెలియదు. ఆమె బతికుండగా సరిగ్గా చెప్పనూ లేదు. చెబితే, "గమ్మునుండు మ్మా" అనేవారు.

ఆమెను చేలో ఆ చిన్న రాయి పక్కనే పెట్టాం. వాళ్ళ పద్ధతిలో చేయాల్సినవన్నీ మావారు చేశారు. నేను తలమీద కొంగు కప్పుకుని, మట్టి పడేంతసేపూ మా ప్రార్థన చేసుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె ఆ పొద్దున నడిమింట్లోకి ఎందుకు వెళ్ళారో మాకెవరికీ తెలియదు. ముందు రోజు గానీ ఆ రోజు గానీ ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. మావారు అంటారు, మళ్ళీ తట్టిన చప్పుడు వినిపించిందేమో, పాప ఇంట్లో లేని వేళ చూసి అమ్మ లోపలికి పోయి కూర్చుందేమో అని. పాప అప్పుడు బడిలో ఉంది. అది నిజమే.

పెద్దల పండగ ఇంకా రాలేదు. వచ్చినప్పుడు ఏం చేయాలన్నది మొన్న అన్నం తింటుండగా మావారు ఎత్తారు. "అమ్మకు పెడ్తాము సరే. అక్కకు?" అన్నారు. అంటున్నప్పుడు పాప వైపు చూశారు. ఆయన భయం నాకు తెలుసు. నాకూ ఉంది. "వేరే ఆకు వద్దు. అత్తయ్యకే పెద్ద ఆకు వేద్దాం, వడలు ఎక్కువ పెడదాం. తన ఆకులోంచే బిడ్డకు తినిపించుకుంటారు" అన్నాను. ఆయన తల వంచుకుని, అన్నం కలిపి పాపకు ఒక ముద్ద పెట్టారు.

ఈ మధ్య ఇంట్లో ఉన్న కష్టం ఒకటే, ఆవు. అది ఆమె చేతికి తప్ప చేపదు. మెడ కింది గంగడోలు గోకుతూ ఏదో ఒకటి మాట్లాడుతుంటేనే పాలు వదిలేది. ఆమె పోయినప్పటినుంచి మావారు కూర్చున్నా, నేను కూర్చున్నా తన్నుతోంది. నిన్న పొద్దు గూకే వేళ నేను డ్యూటీ నుంచి వచ్చి, చీర మార్చుకుని, ఇంకొకసారి చూద్దామని చెంబు తీసుకుని కొట్టం దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలోనే ఆగిపోయాను. ఆవు మెడ పైకి చాచి, కళ్ళు అరమూసుకుని నిలబడి ఉంది. దాని గంగడోలు చర్మం పైనుంచి కిందికి, పైనుంచి కిందికి, నెమ్మదిగా ముడతలు పడుతోంది, సాగుతోంది. పొదుగు నుంచి పాలు చుక్కలు చుక్కలుగా గడ్డి మీదికి కారుతున్నాయి. కొట్టంలో ఇంకెవరూ లేరు. నేను చప్పుడు చేయకుండా, చెంబు గుండెకు ఆనించుకుని, గుమ్మం ఇవతలే నిలబడ్డాను.